రెండు పండ్ల మేక

లాక్‌డౌన్ రోజుల్లో జబ్బు భయంతో తాండూరులో నాపరాళ్ళు పాలిష్ చేసే యూనిట్లు మూతపడ్డాయి. ఊళ్ళకు పోగలిగిన కూలీలు పోయారు, పోలేనివాళ్ళు ఉండిపోయారు. పని సరిగ్గా మొదలవకముందే వానలొచ్చాయి. కాగ్నా నది పొంగి గుడిసెల్లోకి వచ్చింది. అలా కర్ణాటక వైపు నుంచి పనికొచ్చిన కొన్ని కుటుంబాలు మా చర్చి పక్కనున్న హాల్లోకి చేరాయి. అన్నం వండించడం, సాయంత్రం ప్రార్థన చేయించడం నా పని. నాకు రెండూ వచ్చు.

వారం తిరిగేసరికి చాలామంది తేరుకుని, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పసాగారు. అది మంచి గుర్తు. ఒక కోడలు మాత్రం గోడవైపు తిరిగి కూర్చునేది. కొడుక్కి తినిపించేది, తాను తినేది కాదు. నిద్రా లేదు. భర్త పని వెతుక్కుంటూ పరిగి పోయాడు. అత్త తోడుంది.

మా స్త్రీల సమాజం కూర్చుని ఆలోచించి, ఆమె కోసం వచ్చే ఆదివారం ఉపవాస ప్రార్థన పెట్టాలని తీర్మానించింది. ఆ మాట అత్తకు నేనే చెప్పాను.

"అది తింటలేదనే గదమ్మా మా ఫికరు," అంది అత్త. "ఇగ మీరు గూడ తినుడు బందు వెడ్తరా? వండిందంత ఎవలు తినాలె?"

ఉపవాసానికున్న శక్తిని లేఖనాల ఆధారంతో వివరించాను. ఓపికగా విన్నది.

"గట్లనే కానియ్యి. దాన్ని జర డాక్టరుకు గూడ సూపియ్యమ్మా."

బస్సులో వికారాబాద్ తీసుకెళ్ళాం. మనసు జబ్బులు చూసే డాక్టరు మాత్రలు రాసి, "తిన్నాకే వేయాలి, ఖాళీ కడుపున వద్దు" అన్నాడు. అత్త నావైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. మాత్రలు అత్త కొంగు ముడిలోకి పోయి అక్కడే ఉండిపోయాయి.

ఆదివారం సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘంలో సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. ముందు కష్టం చెప్పాలి, తర్వాత "అయితే దేవుడు" అనాలి, ఆపైన విడుదల, చివర అందరం కలిసి హల్లెలూయా. ఎవరూ పిలవకుండానే ఆ కోడలు లేచింది.

"నీళ్ళొచ్చినయి. పిలగాన్ని ఎత్తుకొని ఉరికిన. మేక గుంజకు కట్టేసి ఉండె. మంది చేన్ల వడ్తదని గట్టిగ కట్టిన. ముడి నేనే ఏసిన. ఇప్పలే. తెల్లారి పోతే గుంజకాడనే ఉన్నది."

ఆగింది. మేం "అయితే" కోసం ఎదురుచూశాం. రాలేదు. ఆమె కూర్చోనూ లేదు. ఎత్తడానికి సిద్ధంగా ఉన్న చేతులను అందరూ మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నారు.

"పిలగాడు దక్కిండు గద, స్తోత్రం జెప్పు," అంది వెనక నుంచి ఒకామె. ఆ మాట మేమందరం ముందే చెప్పి ఉన్నాం.

మా పాస్టరు అయ్యగారు మాటలకు తడుముకునే మనిషి కాదు. ఆ రోజు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన పుట్టింది బంట్వారం వైపు, మేకలు కాసే ఇంట్లో. ఆ ఇళ్ళలో మేక వయసు దాని నోట్లో పండ్లను బట్టి అడుగుతారు.

"ఎన్ని పండ్లది బిడ్డా?"

"రెండు పండ్లది."

"సూడిదా?"

"తొలిసూలు."

"అయ్యో," అన్నారు అయ్యగారు.

వెనక బెంచీ పెద్దాయన రంగు అడిగాడు. నల్లది, చెవులు తెల్లవి అని చెప్పింది. పిలిస్తే వచ్చేదా అని ఇంకొకామె అడిగింది. వచ్చేదని చెబుతూ ఏడ్చింది. హాల్లోకి వచ్చిన తర్వాత ఆమె ఏడవడం అదే మొదలు. ఆ రోజు ప్రసంగం తప్పిపోయిన గొర్రె గురించి. చెప్పడానికి సమయం మిగలలేదు.

ఆరాధన అయ్యాక అన్నాలు వడ్డించాను. ఉపవాసం మాట ఎవరూ ఎత్తలేదు. కోడలు ఈసారి గోడవైపు కాక మావైపు తిరిగి కూర్చుంది. కొడుక్కి ఒక ముద్ద పెట్టి, తానొకటి తిన్నది. మెల్లగా ఇంకొన్ని.

"పప్పుల ఉప్పు తక్కువున్నదక్కా," అంది.

"స్తోత్రం," అన్నాను.

ఉప్పు డబ్బా తీసుకుని తిరిగొచ్చేసరికి అత్త కొంగు ముడి విప్పుతోంది.