చవితి ఉపవాసంతో దేవమాలి కొండకు

దేవమాలి కొండ కొసన, మధ్యాహ్నం మూడున్నర దాటాక, మా ఏడేళ్ల హర్షి నా స్వెటరు కిందికి చెయ్యి పోనిచ్చి పొట్ట మీద పెట్టింది. రోజూ పడుకునే ముందు అది చేసే పనే. చెయ్యి పెట్టి "చెల్లీ" అని పిలుస్తుంది. లోపలినుంచి ఒక తన్ను వస్తుంది. "పలికింది" అనుకుని నిద్రపోతుంది. పుట్టబోయేది చెల్లెలని దానికి ఎవరూ చెప్పలేదు, అదే తేల్చేసుకుంది.

ఆ రోజు కొండ చూపిద్దామని పగలే పిలిచింది. గాలికి దాని చెయ్యి మంచుముక్కలా ఉంది. ఒకసారి పిలిచింది. ఇంకోసారి పిలిచింది. నా మొహంలోకి చూసి, "చెల్లి పలకట్లేదేటమ్మా?" అంది.

"పడుకుందేమోలే" అన్నాను. అని, నా చెయ్యి కూడా పెట్టాను. ఏమీ లేదు. చివరిసారి ఎప్పుడు కదిలింది? పొద్దున తగరపువలసలో పుట్ట దగ్గర కదిలింది. ఆ తర్వాత? సాలూరులో? ఘాట్ రోడ్డు మీద? ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు. ఎదురుగా మబ్బులు మా కాళ్ల కింద తేలుతున్నాయి. అంత అందం నేను మళ్లీ చూస్తానో లేదో. ఆ క్షణాన మాత్రం కిందికి దిగే దారి తప్ప నాకేమీ కనిపించలేదు.

ఈ ప్రయాణం ఎందుకు మొదలైందో చెప్పాలి. మా పెళ్లైన దగ్గర్నుంచి మా ఆయన వలిసె పూలు చూపిస్తానని అంటూనే ఉన్నారు. చలి మొదలయ్యే రోజుల్లో ఉత్తరాన కొండలన్నీ పసుపు ఆరబోసినట్టు ఉంటాయని విన్నానే గాని, విశాఖలో పుట్టి పెరిగీ ఎప్పుడూ చూడలేదు. ఒక ఏడాది తుఫాను, ఒక ఏడాది హర్షి కడుపులో, ఇంకో ఏడాది ఆయనకు సెలవు దొరకలేదు. ఆయన పోర్టులో క్రేను నడుపుతారు. ఈసారి నాకు ఆరో నెల. ఏడో నెల వస్తే ఏరు దాటకూడదని మా అత్తగారి పట్టింపు. గంటకోసారి దిగి నడుస్తూ వెళ్తే ఫరవాలేదని డాక్టరు గారు చెప్పడంతో, శనివారం వచ్చిన నాగుల చవితి నాడు బయల్దేరాం. మేమిద్దరం, హర్షి, నాలుగేళ్ల చిన్ను.

గాజువాకలో తెల్లవారకముందే కారెక్కాం. అత్తగారు డబ్బా నిండా ఇడ్లీలు పెట్టారు. ఆవిడది కృష్ణా జిల్లా. వాళ్లింట్లో పుట్టలో పాలు పోసి రాగానే భోంచేసేస్తారు. "పాలు పోశాక నువ్వూ తినేయమ్మా, దారి పొడుగునా ఖాళీ కడుపుతో ఉండకు" అని చెప్పి మరీ పంపారు.

హైవే మీద సైకిలు మీద వెళ్తున్న పాలాయన మమ్మల్ని దాటిపోయాడు. "నాన్నా, సైకిలు దాటేసింది!" అని చిన్ను గోల పెట్టాడు. "దాటనీ, ఆయనకి పాలు విరిగిపోతాయని కంగారు" అన్నారు మా ఆయన. ఆయన డ్రైవింగ్ ఎప్పుడూ ఇంతే. బండి కదిపే ముందు కూడా క్రేను మీద ఉన్నట్టే "కింద ఎవరూ లేరు కదా?" అని అరుస్తారు. నలుగురిలో నాకు సిగ్గేస్తుంది.

ఏడు గంటలకల్లా తగరపువలస దగ్గర మా అమ్మ ఊరికి చేరాం. అమ్మ అప్పటికే చలిమిడి, చిమ్మిలి, తాటి బుర్రగుంజు పళ్లెంలో సర్ది కూర్చుంది. పుట్టలో పాలు పోశాం. పిల్లలు దీపావళి నాడు కాల్చకుండా దాచిన మతాబులు అక్కడే కాల్చారు. అమ్మ అందరి చెవులకీ పుట్టమన్ను రాసింది. నా చెవికి రాస్తుండగానే లోపల బిడ్డ గట్టిగా కదిలింది.

చిమ్మిలి అంటే నువ్వులూ బెల్లమూ దంచి చేసే ఉండలు. అమ్మ రెండు ఉండలు నా చేతిలో పెట్టి వెంటనే సందేహంలో పడింది.

"ఒలే సుధా, నువ్వులు వేడి సేత్తాయే. కడుపుతో ఉన్నావు."

పక్కన పెట్టబోయాను.

"పెసాదం వద్దంతావేటి? నాగన్నకి కోపం రాదూ?"

"తినమంటావా వద్దంటావా?"

"తిను. మరీ తినీకు."

రెండూ తినేశాను. అమ్మ వాళ్లింట్లో చవితి నాడు పొయ్యి మీద వండిందేదీ ముట్టరు. "నీకు పట్టింపు లేదే, ఒట్టి మనిషివి కావు. దార్లో వేడిగా ఏదేనా తినీ" అని అమ్మే చెప్పింది. అత్తగారూ తినమన్నారు, అమ్మా తినమంది. తినకూడదనుకున్నది నేనే. హర్షికీ చిన్నుకీ మధ్య నాకు ఒకసారి ఐదో నెలలో పోయింది. ఆ ఏడాది చవితికి నేను పుట్టకు వెళ్లలేదు. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. డిగ్రీలో జీవశాస్త్రమే చదివాను. అయినా ఈసారి ఉపవాసం వదలాలని మనసొప్పలేదు.

తొమ్మిదికి బయల్దేరి విజయనగరం దాటాం. రామభద్రపురంలో దిగి కాసేపు నడిచాను. పిల్లలు ఇడ్లీ డబ్బా ఖాళీ చేశారు. సాలూరులో వాళ్లు ముగ్గురూ భోంచేశారు, నేను ఒక అరటిపండు తిని కొబ్బరినీళ్లు తాగాను. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట: సాలూరులోనే కడుపు నింపుకోండి, పెట్రోలూ పోయించుకోండి. ఆ పైన ఘాట్ మొదలవుతుంది, సరైన హోటలు చాలాసేపు దొరకదు.

ఘాట్ గొప్పగా ఉంది. మలుపు తిరిగినప్పుడల్లా కింద మైదానం ఇంకాస్త చిన్నదవుతూ వచ్చింది. సుంకి దాటాక బోర్డుల మీద అక్షరాలు ఒడియాలోకి మారాయి. "ఇవన్నీ జిలేబీల్లా ఉన్నాయి" అన్నాడు చిన్ను. పొట్టంగి తర్వాత పెద్ద రోడ్డు వదిలి దేవమాలి వైపు తిరిగాం. చెట్లు తగ్గి, గడ్డి కొండలు మొదలయ్యాయి. ఒక కొండ పచ్చగా, దాని వెనక కొండ నీలంగా, దాని వెనక ఉన్నది కొండో మబ్బో తెలియకుండా. రెండుచోట్ల దిగి నడిచాను. నాకు కాస్త తల తిరిగింది. ఎత్తు వల్ల అనుకున్నాను.

కొసన ఇద్దరు కుర్రాళ్లు బుల్లెట్టు బండి పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. మా కారు వెనక స్టిక్కరు చూసి దగ్గరికొచ్చారు.

"బావా, మీది గాజువాకేనా? మేం ఆటోనగర్ల పని సేత్తన్నాం. ఈ స్టిక్కరు మా పక్క షెడ్డుదే."

"అవునయ్యా, అక్కడే సర్వీసింగు."

"దిగేటప్పుడు బ్రేకు మీద కూసోకు బావా, గేర్లో ఒగ్గేయ్."

రెండోవాడు నవ్వాడు. "ఈ బావకి సెప్పాలేట్రా? ఎక్కేటప్పుడు సూసినావు కదా, మేక మేసుకుంటా దాటిపోయింది ఆయన్ని."

మా ఆయన కూడా నవ్వారు. అప్పుడే హర్షి నా స్వెటరు కింద చెయ్యి పెట్టింది.

"చలేస్తోంది, వెళ్దామండీ" అన్నాను. అంతకు మించి అనలేదు. అది ఒకవైపు లోయ ఉన్న సన్నటి రోడ్డు. విషయం చెప్తే ఆయన తొందరపడతారు. ఆ రోడ్డు మీద తొందర పనికిరాదు. పిల్లలతో వెనక సీట్లో కూర్చుని, చిన్నుని ఒళ్లో పడుకోబెట్టుకున్నట్టు నటిస్తూ పొట్ట మీద చెయ్యి ఉంచాను. కారు పాకుతోంది. ఆయన ఎప్పటికంటే నెమ్మదిగా నడుపుతున్నారు. అరవాలనిపించింది. ఆ రెండు చిమ్మిలి ఉండలే కళ్ల ముందు తిరిగాయి. నువ్వులు వేడి అని చదువుకున్నవాళ్లెవరూ నమ్మరు. నేనూ నమ్మను. కానీ ఆ మలుపుల్లో నమ్మాను. హర్షి రెండు చేతులూ చంకల్లో దాచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

పెద్ద రోడ్డు ఎక్కాక చెప్పాను. "ఏవండీ, బిడ్డ కదలట్లేదు."

"తెలుసు" అన్నారు, తల తిప్పకుండా.

"ఎలా?"

"కొండ మీంచి నువ్వు చెయ్యి తియ్యలేదు. అద్దంలో చూస్తూనే ఉన్నా. నువ్వు నోటితో అంటే నా కాలు ఆగదని నేనే అడగలేదు. గట్టిగా కూర్చో."

ఆ తర్వాత మా ఆయన బండి నడపడం నేను మొదటిసారి చూశాను. సిమిలిగుడ వరకూ చిన్ను "నాన్నా, లారీని దాటేశాం!" అని లెక్కపెడుతూనే ఉన్నాడు.

అక్కడ ఊరి మొదట్లోనే ఒక చిన్న నర్సింగ్ హోం కనిపించింది. నర్సు పార్వతీపురం అమ్మాయి. నన్ను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడుతూ అడిగింది.

"పొద్దున్నుంచి ఏటి తిన్నారమ్మా?"

"రెండు చిమ్మిలి ఉండలు, ఒక అరటిపండు. చవితి ఉపవాసం."

"నాదీ ఉపాసమే. కానీ నా కడుపులో ఎవలూ లేరు కదమ్మా!"

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. డాక్టరమ్మ వచ్చి పొట్ట మీద చిన్న మిషను ఆనించి వెతికారు. ఇటు జరిపారు, అటు జరిపారు. గరగరమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. మా ఆయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు. ఇంకాస్త కిందికి జరిపారు. అప్పుడు వినిపించింది. పక్కింట్లో ఎవరో కుట్టుమిషను ఆపకుండా తొక్కుతున్నట్టు, గబగబా, పనిలో మునిగిపోయినట్టు.

తర్వాత స్కాన్ చేశారు. అన్నీ సవ్యంగా ఉన్నాయన్నారు. నర్సు వేడి పాలూ ఉప్మా తెచ్చింది. చవితి పూట పొయ్యి మీద వండిన ఉప్మా. పళ్లెం ఖాళీ చేశాను. నువ్వులు తిన్నానని భయం భయంగా చెప్తే డాక్టరమ్మ హిందీలో ఏదో అని నవ్వారు. నర్సు తెలుగులో చెప్పింది: "అవి తిన్నారు గనకే ఈ మాత్రం నిలబడ్డారంట." ఎడమ పక్కకు పడుకుని ఉండగా, ముందు చేప తోక విదిలించినట్టు ఒక కదలిక, ఆ తర్వాత పక్కటెముకల కింద అసలైన తన్ను. ఆయన చెయ్యి లాక్కుని అక్కడ పెట్టాను. "కింద ఎవరో ఉన్నారు" అన్నారు.

వెళ్లేముందు డాక్టరమ్మ నవ్వకుండా ఒక మాట చెప్పారు. కదలిక తగ్గిందనిపిస్తే తిని పడుకుని చూద్దాంలే అని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికే రావాలట. ఇది చదివే తల్లులెవరైనా ఉంటే మీకూ అదే చెప్తున్నాను.

ఆ రాత్రి అక్కడే ఒక లాడ్జీలో దిగాం. శుభ్రమైన గది, బకెట్టుతో వేడినీళ్లు ఇచ్చారు. ఆదివారం ఎనిమిదింటికి, ఇడ్లీలు తిన్నాకే, నందపూర్, పాడువా మీదుగా అరకు వైపు బయల్దేరాం. అనంతగిరి దిగేటప్పుడు మా ఆయన మళ్లీ పాత వేగానికే వచ్చేశారు. నాకు హాయిగా అనిపించింది. గాజువాక చేరేసరికి చీకటి పడుతోంది. అత్తగారికి అన్నీ చెప్పాం. ఆవిడ వేడన్నంలో నెయ్యి వేసి నా ముందు కూర్చున్నారు. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఆ దారి భయంకరమైనదేమీ కాదు, కడుపు నిండా తిని వెళ్లండి. కొండలు ఎక్కడికీ పోవు. వచ్చే ఏడాది ఐదుగురం వెళ్తాం.

ఒక సంగతి చివరికని ఉంచాను. పాడువా దాటాక వలిసె పూలు కనిపించాయి. రోడ్డుకు అటూ ఇటూ కొండ మొదలు దాకా పసుపు, ఆ పసుపు మీద ఉదయపు మంచు. కారు ఆపాం. చిన్ను చేలోకి పరిగెత్తాడు. హర్షి నా పక్కనే నిలబడింది, చేతులు ఇంకా చంకల్లోనే ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు అది చెల్లిని పిలవలేదని నాకు అప్పుడు తట్టింది.

"అమ్మా, నా సెయ్యి సల్లగుంది కదా. అందుకే చెల్లి బయపడిపోయిందా?"

చిన్నుని కూడా పిలిచి, ఇద్దరినీ గట్టు మీద కూర్చోబెట్టుకుని చెప్పాను.

"చెల్లి భయపడలేదు. చెల్లికి ఆకలేసింది. అమ్మ అన్నం తినలేదు, అందుకని నీరసంగా పడుకుంది. అది నాకు తెలియలేదు. నువ్వు చెయ్యి పెట్టి అడిగావు కాబట్టే తెలిసింది. అందరికంటే ముందు నీకే తెలిసింది. వచ్చే చవితికి పుట్టలో పాలు పోస్తాం, మతాబులు కాలుస్తాం, వెంటనే అందరం కూర్చుని వేడన్నం తినేస్తాం. సరేనా?"

"చిమ్మిలో?" అన్నాడు చిన్ను.

"చిమ్మిలి కూడా."

హర్షి చేతులు బయటికి తీసి ఒకదాంతో ఒకటి రుద్దుకుంది. నోటి దగ్గర పెట్టి ఊదుకుంది. ఇంకా సందేహంగానే నా వైపు చూసింది.

"పెట్టమ్మా" అన్నాను. "చల్లగా ఉన్నా ఫరవాలేదు."