సార్ తెరవని వాటా

మా హాస్టల్లో పై గదిలో ఉండే నెట్‌వర్క్ సార్ పోయారని పొద్దున్నే పంజాగుట్ట ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఎవరో వేళాకోళం ఆడుతున్నారనుకున్నాను. అలాంటి పాడు అలవాటు నాది, ఆయనది కాదు.

అమీర్‌పేట మొత్తంలో ఆయనకున్నంత ఓపిక ఎవరికీ లేదు. ఆయన ఒంటికి సబ్బు రుద్దుకున్నాక నేను కావాలనే నీళ్ల వాల్వు కట్టేస్తే, లోపలి నుంచి బకెట్ మీద దరువేసేవారు, అంతే. బయటికొచ్చి ఆ వాల్వునే చూపించి పాఠం చెప్పేవారు.

"చూడండి ఓనరుగారూ, ట్యాంకు ఒకటే. ఏ గదికి ఎన్ని నీళ్లో ముందే కట్టడి చేస్తే, పక్క గదివాడు ఎంత వాడినా మనకి తగ్గవు. మా సెల్‌ఫోన్ టవరూ అంతే. వీడియోలకొక వాటా, ఆంబులెన్సుకొక వాటా."

"మరి పైపులేవి సార్?"

"పైపులుండవండీ. సాఫ్ట్‌వేరే గోడలు కడుతుంది."

"కనిపియ్యని గోడలకు సుత జీతమిస్తున్రా?" అంటే నవ్వేవారు.

నిరుడు బోనాలనాడు బల్కంపేటలో ఆ ఆంబులెన్సు వాటాను పరీక్షకు పెట్టారు. సార్‌కు టిఫిన్ డబ్బా ఇద్దామని టవరు కింది గదికి వెళ్లాను. బయట ఇసుకేస్తే రాలనంత జనం. ఎవరి ఫోనూ కలవడం లేదు.

"ఆంబులెన్సు వాటా ఊకెనే పడున్నది గద సార్, జర మాకియ్యిండ్రి."

ల్యాప్‌టాప్‌లోంచి ఆయన పైఅధికారిదీ అదే మాట. సార్ తల అడ్డంగా ఊపారు. "ఖాళీగా ఉండటమే దాని పనండీ."

అప్పుడే మా బావ తలుపు దగ్గర అరిచాడు. "మీ అక్క గుండె పట్టుకొని కూలవడ్డదిరా! ఆంబులెన్స్ ఎక్కించిన్రు, నేను పోతున్న!" జనంలో కలిసిపోయాడు. ఎవరికి ఫోను చేసినా కలవదు.

"తెరుస్తున్నావా, లేదా?" పైఅధికారి గద్దించాడు.

నేను సార్ చెయ్యి పట్టుకున్నాను. "ఇయ్యకుండ్రి సార్. ఎవనికీ ఇయ్యకుండ్రి."

ఆయన ఆ వాటా తెరవలేదు. తెర మీద వీడియోల గీత ఎర్రబడి బిగుసుకుపోయింది. దాని కింద సన్నటి ఆకుపచ్చ గీత ఒకటి కదలడం మొదలైంది. అక్క గుండె కొట్టుకునే తీరు ఆసుపత్రి డాక్టరుకు చేరుతోందని అర్థం. దారిలో ఏ మందు ఇవ్వాలో ఆ డాక్టరు అది చూసే చెప్పాలి.

ఇప్పుడు మా అక్క సార్ గది గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. నాకు మాత్రం ఆయన వేలే కనిపిస్తోంది. తెరకు తగలకుండా, ఆంబులెన్సు పంజాగుట్ట చేరేదాకా, ఊపిరి బిగబట్టి ఆ ఆకుపచ్చ గీత వెంటే నడిచిన వేలు.