నోట్ల దండకు కూలి

కొండాపూర్‌లో ఒక ముస్లిం మహిళ చిన్న దుకాణం పెట్టుకుని పెళ్లిళ్లకు నోట్ల దండలు కట్టేది. నోట్లు మనమే తీసుకెళ్లాలి. ఆమె కూలి మాత్రమే తీసుకునేది.

ఒకరోజు నా ముందే ఒక ఐటీ ఉద్యోగి, "నోట్లు కూడా మీరే పెట్టండి మేడమ్, అంతా కలిపి ఫోన్‌లో కొట్టేస్తా" అన్నాడు. ఆమె అలవాటుగా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దు భయ్యా. పైసలిచ్చి ఎక్కువ పైసలు తీసుకుంటే వడ్డీ అయితది, వడ్డీ మాకు పాపం."

అతను ఎదురు దుకాణానికి పోయాడు. నాకు మండింది.

"కిరాయి కట్టలేక దుకాణం మూసుకుంటారా అమ్మా? ఆ ఎక్కువ డబ్బు జరీకి, మీ పనికి కాదా? మీ మౌల్వీలందరూ ఇదే అంటారా?"

"అందరనరు సాబ్. ఒకాయన ఫరక్ పడదు, కలిపి తీసుకో అన్నడు."

"మరి ఆయన మాట వినొచ్చుగా!"

"కిరాయికి పరేషాన్ అయినంకనే ఆయన దగ్గరికి పోయిన. ఆయన తీసుకోమనే అంటడని నాకు ముందే ఎరుక. అందుకే నమ్మబుద్ధి అయితలేదు."

కొన్నాళ్లకు ఆమె దుకాణం మూతపడింది. ఆ నియమం అర్థరహితమని ఇప్పటికీ వాదిస్తాను. కానీ నాకు అనుకూలమైన వాదన సులువుగా దొరికినప్పుడల్లా, వెనక్కి పోయిన ఆ చేతులు గుర్తొస్తాయి. మళ్లీ మొదటినుంచి ఆలోచించాల్సి వస్తుంది.