సుగుణ గారి తలంటు

పదిహేనేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. అది నా ఒక్కడిదే అనుకున్నాను. కాదని పోయిన నెల ఒక ఆదివారం తెలిసింది.

మా వీధిలో ఒక మాట వాడుకలో ఉంది. ముసలివాళ్ళకు నీళ్ళు పోసే కోడళ్ళను ఆటపట్టించడానికి అంటారు. ఆ రోజు చర్చి ముందు నుంచి వెళుతుంటే, ఆ సంగతి జరిగేనాటికి ఇంకా పుట్టని పిల్ల ఒకతె నవ్వుతూ అంటోంది: "జాగ్రత్తే, సుగుణ తలంటు అయిపోగలదు!" నాలుగడుగుల దూరంలో సుగుణ గారు చెప్పులు వేసుకుంటున్నారు. తల ఎత్తలేదు.

అందుకే రాస్తున్నాను. ఆ మాట అబద్ధం. అబద్ధమని తెలిసినవాణ్ణి ఇన్నేళ్ళూ నేనొక్కణ్ణే.

నేను ధవళేశ్వరంలో కాలువ లాకుల దగ్గర లస్కరును. తలుపులు ఎత్తడం, దించడం నా పని. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలోనే. అదంటే నాకు గర్వం. ఎవరైనా తుమ్మితే ఆగి మరీ చెప్పేవాణ్ణి, జలుబు నీళ్ళ వల్ల రాదు, వైరస్ వల్ల, మనిషి నుంచి మనిషికి వస్తుంది అని. నన్ను చూసి జనం పక్కసందులోకి తిరిగేవారు.

తిరగని మనిషి రత్నమ్మ గారు. కాలం చేసిన బడిపంతులు గారి భార్య. డెబ్బై ఎనిమిదేళ్ళు, చూపు దాదాపు పోయింది. కొడుకు తునిలో ఉద్యోగం చేస్తూ శనివారం రాత్రికి వచ్చేవాడు. మిగతా రోజులు ఇంట్లో ఆవిడా, కోడలు సుగుణ గారూ, ఆమె చిన్న కూతురూ. సాయంత్రం డ్యూటీ దిగి ఆవిడకు చదివి వినిపించేవాణ్ణి. "ఏరా ప్రొఫెసరూ, ఇవాళేం మోసుకొచ్చావు? నిన్నటి నక్షత్రాలే ఇంకా అరగలేదు నాకు" అనేవారు.

ఆ వానాకాలంలో నేను అడగ్గా అడగ్గా రాజమండ్రి నుంచి ఒక పుస్తకం వచ్చింది. ఒళ్ళు రోగాలతో ఎలా పోరాడుతుందో చెప్పే లావుపాటి పుస్తకం. పదిహేను రోజుల్లో తిరిగి ఇచ్చెయ్యాలి. నాలుగు రోజులు చదివానో లేదో, నాకు జ్వరం తగిలింది. ఒళ్ళునొప్పులు, దగ్గు. ఫ్లూ అని నాకు తెలుసు. అది ఎలా అంటుకుంటుందో చెప్పే పేజీ ముందురోజే ఆవిడకు చదివాను. అయినా మాత్ర వేసుకుని, చెమట తుడుచుకుని వెళ్ళాను. "గొంతు అలా ఉందేంటండీ?" అన్నారు గుమ్మంలో సుగుణ గారు. "లైబ్రరీలో బీరువాలు దులిపామండి, దుమ్ము" అన్నాను.

ఎందుకు వెళ్ళాను? గడువు కోసమా? ఇవాళ రాలేనని ఒక్క కబురు పంపలేనంత ఆత్రం ఏమిటి? నిజం ఇది: వినేవాళ్ళు లేకపోతే, నేను చదివింది చదివినట్టే ఉండేది కాదు. శుక్రవారం, శనివారం, ఆవిడకు చెవి కూడా మందం గనుక, ముఖానికి దగ్గరగా వంగి చదివాను. శనివారం లేచేముందు అడిగారు.

"ముసలోళ్ళ గురించి ఏం రాశాడ్రా అందులో?"

"ఇంకా అక్కడిదాకా రాలేదండి."

తిప్పి చూడొచ్చు. కానీ పుస్తకాన్ని వరసతప్పి చదవడం నాకు నచ్చదు.

ఆ శనివారం పొద్దునే, మర్నాడు చర్చికి వెళ్ళాలని, సుగుణ గారు అత్తగారికి తలంటు పోశారు. వేన్నీళ్ళతోనే. బయట ముసురు.

సోమవారం నుంచి రత్నమ్మ గారు అన్నం ముట్టలేదు. మగతగా పడుకున్నారు. ఎప్పుడో పోయిన భర్తను బడికి వేళయింది లేవమన్నారట. వీధిలో థర్మామీటరు ఉన్నది నాకే గనుక సుగుణ గారు కబురు చేశారు. పెట్టి చూశాను. తొంభై ఏడు. "జ్వరం లేదండి. జ్వరం లేకపోతే క్రిమి లేనట్టే. వయసు, అంతే" అన్నాను. మంగళవారమూ అదే చూశాను. అదే అన్నాను. ఆమె నమ్మారు. బుధవారం ఊపిరి అందకపోతే తునికి ఫోను చేశారు. కొడుకు వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందన్నారు. శుక్రవారం పోయారు.

సమాధుల తోట నుంచి వచ్చాక వరండాలో సుగుణ గారి ఆడబడుచు అందరూ వినేలా అంది: "ముసురులో ముసలి ప్రాణం నెత్తిన నీళ్ళు కుమ్మరిస్తే ఉంటుందా?" నేను బయల్దేరుతుంటే సుగుణ గారు గేటు దాకా వచ్చారు.

"మీరు ఇన్ని పుస్తకాలు చదువుతారు కదండీ. ఒక్క మాట చెప్పండి. తలంటు వల్లేనా?"

అడగనివాళ్ళందరికీ చెప్పిన మాట అది. అడిగిన ఒక్క మనిషికి చెప్పలేకపోయాను. కాదంటే, మరి దేనివల్ల అంటారు. అప్పుడు దుమ్ము సంగతి చెప్పాలి.

"ఏం చెప్పగలమండీ. ముసురు రోజులు కదా."

ఆమె మెల్లగా తల ఊపారు. ఆ తర్వాత సొంత కూతురికి తలంటడానికి కూడా పక్కింటావిణ్ణి పిలిచేవారు.

పుస్తకం తిరిగి ఇచ్చేముందు ఆఖరి అధ్యాయం చదివాను. వయసు పెరిగేకొద్దీ ఒంటిని కాచే కణాలు కొత్తవి తయారవడం తగ్గుతుందట. ఉన్నవి పాత శత్రువును పోల్చుకుంటాయి గాని, రూపం మార్చి వచ్చినదాన్ని ఆలస్యంగా గుర్తుపడతాయట. అందుకే నన్ను నాలుగు రోజులు కుదిపి వదిలిన ఫ్లూ ముసలివాళ్ళ ఊపిరితిత్తుల దాకా దిగగలదు. ఆ కింద ఇంకో వాక్యం. వాళ్ళలో జ్వరం రాకపోవచ్చు, తిండి మానడం, మగత, మతి తప్పి మాట్లాడడం, ఇవే గుర్తులు కావచ్చు.

లాకుల దగ్గర వరద వస్తే తలుపు ఎత్తుతాం. దూరం నుంచి చూసేవాళ్ళకు ఎత్తిన తలుపే వరదకు గుర్తు. ఎత్తేవాడికి ఓపిక లేకపోతే తలుపు దించే ఉంటుంది, నీళ్ళు మాత్రం గట్టెక్కుతూనే ఉంటాయి. ఆ పని చేసేవాణ్ణి, నేనే, దించిన తలుపు చూసి వరద లేదన్నాను.

నా నుంచే అంటిందని ఏ పరీక్షా చెప్పలేదు. చర్చిలో ఎవరినుంచైనా వచ్చి ఉండొచ్చు. ఈ మాట పట్టుకునే ఇన్నేళ్ళు గడిపాను. కానీ ఇప్పటికీ ఏ పుస్తకం తెరిచినా ఆవిడ గొంతు వినిపిస్తుంది. ముసలోళ్ళ గురించి ఏం రాశాడ్రా?

ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళకు నమస్కారాలు. ఆ పుస్తకాన్ని మళ్ళీ తెప్పించి, ఎందుకని అడగని గ్రంథపాలకులు సూర్యారావు గారికి. నెమ్ము సంగతి ఓపిగ్గా వివరించిన కాంపౌండరు ఏసుపాదం గారికి. రాసింది మొదట చదివి, రెండు రోజులు నాతో మాట్లాడక, మూడో రోజు అక్షరదోషాలు దిద్ది ఇచ్చిన నా భార్య కాంతానికి. నన్ను ప్రొఫెసరన్న రత్నమ్మ గారికి.

చివరగా సుగుణ గారికి, ఆ రోజు గేటు దగ్గర నన్ను అడిగినందుకు. రేపు ఈ కాగితాలు మీ చేతికిస్తాను. క్షమించమని అడగను. మీరు అడిగినదానికి జవాబు మాత్రం ఇదిగో.

తలంటు వల్ల కాదండి.