మొక్కున్న తల

హెలికాప్టర్ నన్ను దించి నిమిషం కూడా ఆగలేదు. మధ్యాహ్నం పన్నెండు. పదిహేనున్నర వేల అడుగుల ఎత్తు. ఎండ కళ్ళు పొడుస్తోంది, గాలి చెవులు కోస్తోంది. పది గజాలు నడిచానో లేదో మంచులో చతికిలబడ్డాను. ఊపిరి అందలేదు. ఎదురొచ్చిన పోస్టు సుబేదారు హిమాచల్ మనిషి. సెల్యూట్ కొట్టి హిందీలో అన్న మొదటి మాట ఇది: "డాక్టర్ సాబ్, ముందు మీకే వైద్యం చేయించాలా?"

అప్పుడు నేను కెప్టెన్ని. సైన్యంలో డాక్టర్ని. ఇప్పుడు నారాయణవనం అవతల ఒక పల్లెలో క్లినిక్ పెట్టుకుని జ్వరాలూ మోకాళ్ళ నొప్పులూ చూసుకుంటున్నాను. బీపీ పట్టీ చుట్టేలోపే ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, మీరు యుద్ధంలో ఉన్నారంట గదా, ఎంతమందిని కాల్చినారు?" ఒక్కణ్ణీ కాల్చలేదు, ముళ్ళు వేశాను అంటాను. ముఖాలు వాడిపోతాయి. ఆ ముళ్ళ సంగతి చెప్పకపోతే నా పరువు దక్కేలా లేదు.

మా పోస్టు ఒక గట్టు కొన. రాళ్ళూ ఇసుక బస్తాలూ పేర్చి, పైన రేకులూ ఇనుప దూలాలూ వేసిన బంకర్లు నాలుగు. ఎదురుగా లోయ. లోయకు అవతల శత్రువుల గట్టు. సరిహద్దంతా అప్పటికే రాజుకుని ఉంది. వాళ్ళు రోజూ భోజనాల వేళకు గుండ్లు వేసేవాళ్ళు. మావాళ్ళు టీ తాగి బదులిచ్చేవాళ్ళు. తాగే నీళ్ళు కావాలంటే మంచు తవ్వి కిరోసిన్ పొయ్యి మీద కరిగించాలి. కోడిగుడ్డు గోడకేసి కొడితే గోడ పెచ్చు ఊడేది. ఇంజెక్షన్ సీసాలు గడ్డ కట్టకుండా చొక్కా లోపల పెట్టుకుని పడుకునేవాణ్ణి. పక్కకు తిరిగితే పగులుతాయి కాబట్టి వెల్లకిలా కదలకుండా నిద్రపోవడం నేర్చుకున్నాను. నా భార్య ఇప్పటికీ వెక్కిరిస్తుంది, శవాసనం వేసినట్టు పడుకుంటానని.

మెషిన్ గన్ మనిషి పేరు మునిరత్నం. మూడోరోజు నా బంకర్లోకి తల దూర్చి, "సార్, మీది తిరుచానూరంట గదా. మాది పలమనేరు పక్కన. మనోళ్ళే!" అన్నాడు. ఆ సాయంత్రమే ప్రెషర్ కుక్కర్లో రాగి సంగటి గెలికి పెట్టాడు. ఇంటి నుంచి మోసుకొచ్చిన పిండి. ఊరగాయ నంజుకుని తింటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం వల్ల అన్నాను. నమ్మాడో లేదో.

అతని జుట్టు చూసి మొదట్లో నవ్వుకున్నాను. చలికాలం ఆ ఎత్తులో అందరికీ గడ్డాలు పెరిగేవి. కానీ వారానికోసారి సుబేదారు కత్తెర పట్టుకుని కూర్చుంటే, మునిరత్నం మాత్రం గన్ను తుడవాలని తప్పించుకునేవాడు. ఒకరోజు కారణం చెప్పాడు. పెళ్ళయి ఆరేళ్ళు. భార్యకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు మూడోసారి.

"మొక్కుకున్నాను సార్, కొండకి. బిడ్డ చేతికొస్తే నేనూ బిడ్డా ఇద్దరమూ గుండు కొట్టించుకుంటామని. అంతవరకూ ఈ తలకి కత్తి తగలకూడదు. తగిలితే ఎంగిలయిపోతాది. ఎంగిలి తల సామికెట్లిచ్చేది?"

మావైపు వాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. సుబేదారుకు నేనే హిందీలో వివరించాను. ఆయన గడ్డం గోక్కుని, "మా కొండల్లో దేవుళ్ళు మేకను అడుగుతారు. మీ దేవుడు నయం, జుట్టుతో సరిపెట్టుకుంటున్నాడు," అన్నాడు. ఆ రోజు నుంచీ మునిరత్నం తల వంక చూడనట్టే నటించాడు.

జనవరిలో ఒక మధ్యాహ్నం గుండు ఒకటి మా గట్టుకు బాగా దగ్గర్లో పడింది. బంకరు ఊగింది. గన్ను బంకరు పైరేకు ఒకటి జారి మునిరత్నం నెత్తి మీద పడింది. ఇద్దరు మోసుకొచ్చారు. ముఖమంతా రక్తం. అయినా మాట్లాడుతున్నాడు. కంటిపాపలు రెండూ సమానంగా ఉన్నాయి. గ్లవ్స్ వేసుకుని గాయంలో వేలుపెట్టి ఎముక తడిమాను. చెక్కు చెదరలేదు. పైచర్మం మాత్రం నడినెత్తి నుంచి చెవి పైదాకా, నా చూపుడువేలంత పొడుగున తెగింది. తల చర్మం ఎంత రక్తం కారుస్తుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. గట్టిగా అదిమి పట్టమని నర్సింగ్ అసిస్టెంటుకు చెప్పి కత్తెర తీశాను.

మునిరత్నం నా మణికట్టు పట్టుకున్నాడు.

"సార్, వద్దు."

"గాయం చుట్టూ జుట్టు తీయాలి మునిరత్నం. తీయకుండా కుడితే లోపల వెంట్రుకలు ఇరుక్కుని చీము పడుతుంది."

"పడనీలే సార్. ఆమెకి నెలలు నిండినాయి. ఈ రోజో రేపో కాన్పు. ఇప్పుడు కత్తెర పెట్టొద్దు సార్, నీకు దండం పెడతా."

సిగ్నల్ మనిషి రేడియోలో కింది బేస్‌తో మాట్లాడుతున్నాడు. "పోస్టు నుంచి. తల గాయం ఒకటి. హెలికాప్టర్ పంపగలరా? ఓవర్."

"మబ్బు కమ్మింది. రేపు చూద్దాం. మీరే చూసుకోండి. ఓవర్."

సుబేదారు నా చెవిలో, "నలుగురం పట్టుకుంటాం సాబ్. అర నిమిషం పని," అన్నాడు. నిజమే, అర నిమిషం పని. నేను ఆజ్ఞ ఇస్తే చాలు. కానీ నాకు భయం వేసింది. రక్తానికి కాదు. రేపు ఆ కాన్పులో ఏదైనా తేడా జరిగితే, ఈ మనిషి బతికినన్నాళ్ళూ నా కత్తెరనే తలుచుకుంటాడు. ఏ డాక్టరూ ఆ గాయానికి కట్టు కట్టలేడు. అలాగని రక్తాన్ని కారనివ్వలేను కదా.

మా అమ్మ తిరుచానూరు గుడి వీధిలో పూలు కట్టి అమ్మేది. నేను ఎమ్‌బీబీఎస్‌లో చేరాక కూడా, సెలవుల్లో ఇంటికొస్తే నా ముందు ఒక గంప మల్లెమొగ్గలు పెట్టి "కట్టు నాయనా" అనేది. రెండు మొగ్గలు ఇటు, రెండు మొగ్గలు అటు, నారతో ఒక మెలిక, ఒక లాగు. మూర కట్టడానికి నాకు ఎంతసేపు పట్టేదో చెప్పను, అమ్మ నవ్వేది. మునిరత్నం తల వైపు చూస్తుంటే నా వేళ్ళే ముందు కదిలాయి. గాయానికి ఇటు నాలుగు వెంట్రుకలు, అటు నాలుగు వెంట్రుకలు. లాగి ముడేస్తే అంచులు కలుస్తాయి. కత్తెర అక్కర్లేదు. సూదీ అక్కర్లేదు.

"కత్తెర పక్కన పెట్టేశాను చూడు. ఇక కదిలావంటే మాత్రం తంతాను," అన్నాను.

కాచి చల్లార్చిన నీళ్ళతో గాయం కడిగాను. మొదటి ముడి వేశాను. జారిపోయింది. రెండోదీ జారిపోయింది. మావాడు మూడు నెలలుగా తలకు కొబ్బరినూనె కరిగించి కుమ్మరిస్తున్నాడు! గాయంలో పడకుండా గాజుగుడ్డ అడ్డం పెట్టి, స్పిరిటుతో జుట్టు జిడ్డు తుడిపించాను. అయినా ముడి నిలవలేదు. అప్పుడు గుర్తొచ్చింది టింక్చర్ బెంజాయిన్. కట్టు అంటుకోవడానికి చర్మానికి పూసే జిగురు మందు. ముడి వేయడం, దాని మీద ఒక చుక్క అద్దడం. నిలిచింది. వేళ్ళు మొద్దుబారితే పొయ్యి మీద కాచుకుని మళ్ళీ మొదలు. ఒక్కో ముడి బిగిసేకొద్దీ గాయం అంచులు దగ్గరయ్యాయి. పదకొండో ముడితో రక్తం ఆగింది.

ఆ మందు చేసేది సాంబ్రాణితోనే. బంకరంతా ఆ వాసన నిండింది. కళ్ళు మూసుకుని ఉన్న మునిరత్నం గట్టిగా పీల్చి, "సార్, సాంబ్రాణి వాసన వస్తాండాది. సామి ఈడికే వచ్చినాడా యేంది?" అన్నాడు.

"వచ్చాడు. నీ గోల భరించలేక నన్ను పంపి ఆయన వెళ్ళిపోయాడు."

సుబేదారుకు ఆ మాట తర్జుమా చేసి చెప్పేసరికి, అంత పెద్దమనిషీ కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ ఎత్తులో నవ్వితే ఊపిరి అందదు. ఆయనకు రెండు నిమిషాలు ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది.

మర్నాడూ మబ్బు తొలగలేదు. ఆ మర్నాడూ అంతే. గాయం శుభ్రంగా ఉంది, జ్వరం లేదు. కానీ మునిరత్నం అన్నం ముట్టడం మానేశాడు. రేడియో పక్కనే కూర్చునేవాడు. సొంత కబుర్లకు రేడియో వాడకూడదని అందరికీ తెలుసు. నాలుగోరోజు ఉదయం సరుకుల లెక్క చదువుతున్న బేస్ ఆపరేటర్ గొంతు ఉన్నట్టుండి మారింది.

"కిరోసిన్ ఎనిమిది డబ్బాలు. గోధుమపిండి నాలుగు బస్తాలు. పలమనేరులో ఆడపిల్ల ఒకటి, తల్లీబిడ్డా క్షేమం. బంగాళాదుంపలు రెండు బస్తాలు. అందాయా? ఓవర్."

సిగ్నల్ మనిషి మునిరత్నం వైపు చూశాడు. "అన్నీ అందాయి. ఓవర్," అన్నాడు.

మునిరత్నం ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఈసారి కారం సాకు లేకుండానే. సుబేదారు చక్కెర డబ్బా బోర్లించి అందరికీ హల్వా చేయించాడు. ఎదుటి గట్టు వాళ్ళు ఆరోజు భోజనాల వేళ గుండ్లు వేయలేదు. యాదృచ్ఛికమే. మునిరత్నం మాత్రం ఒప్పుకోడు.

మూడు నెలలని పంపినవాళ్ళు మమ్మల్ని వేసవి దాకా దించలేదు. కింద బేస్‌లో ఇంకో గండం. క్షవరం కాకుండా సెలవు చీటీ ఇవ్వనన్నాడు అక్కడి అధికారి. మునిరత్నం జుట్టు అప్పటికి భుజాల మీద పడుతోంది. నెత్తిన మచ్చ ఇంకా లేతగా ఉందనీ, నేను చెప్పేవరకూ కత్తెర తగలరాదనీ చీటీ రాసిచ్చాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ అధికారి చీటీ చదివి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీ ఇద్దరిదీ ఒకే జిల్లానా?" అని మాత్రం అడిగాడు.

నా సర్వీసూ అప్పుడే ముగిసింది. ఇద్దరం ఒకే రైల్లో తిరుపతిలో దిగాం. బిడ్డకు ఏడో నెల జరుగుతుండగా కొండకు రమ్మని కబురు పెట్టాడు. వెళ్ళాను. కల్యాణకట్టలో క్షురకుడు తల తడిపి వేళ్ళు పోనిచ్చి ఆగిపోయాడు. జుట్టు మధ్యలో ఒక వరసన చిన్న చిన్న ఉండలు. సాంబ్రాణి మందు పట్టేసి ఊడిరాని నా ముళ్ళు.

"ఏందప్పా ఇది? తలలో పూసలు గుచ్చినారా?"

"ఈ సార్ కట్టినాడన్నా. పూలు కట్టినట్టు," అన్నాడు మునిరత్నం. క్షురకుడు నన్ను ఎగాదిగా చూశాడు. ఆయన కత్తి ఒక్క లాగు లాగింది. ముళ్ళన్నీ జుట్టుతో పాటే ఒళ్ళో పడ్డాయి.

గడ్డమూ పోయింది. తర్వాత పాపకు. తర్వాత స్నానాలు, ముందుగా పాప తలకు గంధం. అసలు చిక్కు అక్కడొచ్చింది. పది రోజులుగా ఆ పాప గడ్డమూ జుట్టూ ఉన్న మనిషికే అలవాటు పడింది. ఈ గుండు మనిషెవరో తెలియలేదు. తండ్రి చేతులు చాపగానే కెవ్వుమని తల్లి భుజంలో ముఖం దాచుకుంది. మునిరత్నం ముఖం చూడాలి. గుండ్ల వానలో కూడా అలా బిత్తరపోలేదు.

"సార్, నా బిడ్డ నన్ను గుర్తుపట్లేదు సార్," అన్నాడు.

"మాట్లాడు. గొంతు మారలేదుగా," అన్నాను.

మెట్టు మీద కూర్చున్నాడు. తల వంచి, "అమ్మణ్ణీ, నేనే రా, నాయన్ని," అన్నాడు. పాప ఏడుపు ఆపింది. తల్లి భుజం మీద నుంచి ఒక కన్ను బయటికి వచ్చింది. తర్వాత తన బోడిగుండు తడిమి గంధం పూసుకున్న చెయ్యి చాపి, ఆ నున్నటి తల మీద టప్పున వేసింది. నవ్వింది. చెయ్యి తీసింది. నడినెత్తి నుంచి చెవి దాకా సన్నటి తెల్లటి గీత. దాని మీద, అడ్డంగా, తడి గంధంతో ఐదు వేళ్ళు.