రాజమండ్రి గోడ మీద మామిడికాయ

ముందే చెప్పేస్తున్నాను, నేను కాస్త పెంచి రాస్తాను. నా చేతిలో పడితే దోమ కూడా కొంగంత అవుతుంది. ఎవరికి తోచినంత వాళ్ళు తగ్గించుకుని చదువుకోవాలి.

పుష్కరాలొస్తున్నాయని రాజమండ్రి గోడలన్నిటికీ బొమ్మలేయిస్తున్న ఎండాకాలం అది. కొండల్లో ఉండే కొండరెడ్ల తెగ టీచరమ్మ ఒకావిడ ఊరంతా నడిపించి, ఆ బొమ్మలు తమవాళ్ళ కళ్ళకి ఎలా కనిపిస్తాయో చెబుతారని విని, మా ఆవిడ ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది. ఉదయం ఆరింటికి రావులపాలెంలో బస్సెక్కాం. నా ఒళ్ళో పక్కావిడ అరటిగెల. జొన్నాడ దాటేసరికి అది అక్కడే పండిపోయింది.

“కాస్త అటు పెట్టుకోండమ్మా,” అన్నాను.

“మీ ఒళ్ళు ఖాళీగానే ఉంది కదండీ!”

ఎనిమిదింటికి రేవు దగ్గర టీచరు పల్లాల బుల్లమ్మగారు ఎదురొచ్చారు. ఇడ్లీ ఊసే లేకుండా నడక మొదలైంది. మొదటి గోడ మీద గిరిజనులు నెత్తిన ఈకలతో, బల్లేలతో గెంతుతున్నారు.

“మా ఊళ్ళో ఎవరైనా ఇలా గెంతితే కుక్కలు కరుస్తాయండి,” అన్నారావిడ.

ఆ ఎండకి నా చెప్పులు తారులో నాటుకుపోయాయి. పీకడానికి ఇద్దరు కావలసి వచ్చారు. ఒళ్ళు మండి, ఉప్పూ కారం చల్లిన మామిడికాయ ముక్కలు కొని, మర్యాదకి టీచరుగారికీ చాపాను. చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

“మాకింకా మామిడి పండగవలేదండి. అమ్మోరికి పెట్టేదాకా నోట పెట్టం. మా అమ్మయితే రాలిన పిందె కూడా తాకదు.”

ఆకలి దంచేస్తున్నా, ఆ ముక్కలు గోదావరిలో వదిలేశాను.

చివరి గోడ చూడగానే టీచరుగారు నిలబడిపోయారు. అక్కడే నిచ్చెన పక్కన నిలబడ్డ పెయింటరు అప్పారావు కిందటేడు కొండలకెళ్ళి ఫొటో తీసుకొచ్చి గీసిన బొమ్మ అది. బొమ్మలో ఉన్నది టీచరుగారి అమ్మగారు. నిన్నటిదాకా ఉత్త మనిషేనట. ఇవాళ అందం కోసమని అతను చేర్చినవి, తలలో ఈకలు, నోట్లో మామిడికాయ!

“ఏంటండీ అప్పారావుగారూ ఇది? బొమ్మ చూసుకుందామని అమ్మ రంపచోడవరం బస్సులో వచ్చేస్తోంది. పండగకి ముందే తను కాయ కొరుకుతున్నట్టు చూసిందంటే, ఇక నా గడప తొక్కదు!”

“ఈకలంటే తీసేస్తాను గానీ టీచరమ్మా, కాయ తియ్యాలంటే మూతంతా చెరపాలి. మళ్ళీ ఆ మొహం నాకు రాదు.”

టీచరుగారే దారి చెప్పారు.

“అయితే పండగ గీసెయ్యండి.”

“ఏంటీ?”

“పక్కన అమ్మోరి రాయి వెయ్యండి. పసుపు పుయ్యండి. ముందు కాయలు పెట్టండి. పండగైపోయినట్టే. ఇక తినొచ్చు.”

అప్పారావు కుంచె అందుకున్నాడు. ఆకుపచ్చ డబ్బా నా చేతికి, పసుపు డబ్బా మా ఆవిడ చేతికి వచ్చాయి.

“వణక్కండి మీరు!” అని మా ఆవిడ కసురుతుంటే, నా కొత్త తెల్లచొక్కా మీద ఓ మామిడితోట మొలిచింది. ఖాళీ కడుపుతో, మిట్టమధ్యాహ్నం, నాది కాని పండగకి నేను చాకిరీ.

రాయి పూర్తయిందో లేదో బస్టాండు నుంచి ఆటో వచ్చింది. అమ్మగారు దిగి బొమ్మని చూశారు. పసుపు రాయిని చూశారు. కాయలు చూశారు.

“పండగ బాగా చేశారే,” అన్నారు పెద్దావిడ. “మరి నెత్తిన ఆ ఈకలేంటే? కోడిని నా తల మీద కోశారా?”

టీచరుగారు అక్కడే కూలబడి నవ్వారు. అప్పారావు మళ్ళీ నిచ్చెనెక్కాడు.

వెళ్ళేవాళ్ళు కడుపునిండా తిని, పాత చొక్కా తొడుక్కుని వెళ్ళండి. మిగతా గోడలు మానేసినా ఆ చివరిది మానకండి.

గెల, చెప్పులు, మామిడితోట పెంచినవే. శుద్ధ కల్పన మాత్రం ఒక్కటే. ముక్కలు గోదావరిలో వదల్లేదు. టీచరుగారు అటు తిరగ్గానే తిందామని పొట్లం జేబులో దాచాను. తిరుగు బస్సు కదిలాక విప్పాను. మా ఆవిడ నిద్రపోతోంది. ఎవరూ చూడడం లేదు.

రావులపాలెం వచ్చింది. ముక్కలు అలాగే ఉన్నాయి.