బావ పెట్టించిన వైఫై

ఇందుకూరుపేట దగ్గర మా బావ రొయ్యల గుంటల మీద ఫోన్ సిగ్నల్ అందదు. అందుకని షెడ్డులో వైఫై పెట్టించి, ఇక కాల్స్ అన్నీ దాని మీదే వెళ్తాయని ఊరంతా డప్పు కొట్టుకున్నాడు. కరెంటు పోయి, నీళ్లు చిలికే ఏరేటర్లు ఆగితే కాపలా మనిషి వెంటనే ఫోన్ చేయాలి. జనరేటర్ గది తాళంచెవి మాత్రం, ఎవరినీ నమ్మని మా బావ మొలతాడుకే వేలాడుతుంది.

ఒకరోజు పొద్దున్నే మేం టీ తాగుతుంటే కాపలా మనిషి సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు. కరెంటు పోయి గంటైందట, రొయ్యలు చచ్చి తేలుతున్నాయట.

“ఫోన్ చేసేదానికి ఏం రోగంరా నీకు?” అని బావ గయ్యిమన్నాడు.

“కరెంటు పోతే వైఫై యాడుంటాదన్నా?” అన్నాడతను.

మా బావ బుర్ర పాదరసం. మర్నాడే నెల్లూరు వెళ్లి అతనికి కొత్త ఫోన్ కొనిచ్చాడు.